సర్దార్ మెచ్చిన కొరియా కోడి

సియోల్‌లో ఒలింపిక్స్ జరిగిన ఆ యేడు మన దేశానికి ఒక్క పతకమూ రాలేదు గాని, నర్సరావుపేటకి మాత్రం కొరియా నుంచి ఒక కోడి వచ్చింది. తెచ్చినవాడు గుల్జార్ బేగం తమ్ముడు నాగూర్ వలి.

ఆరేళ్లు సౌదీలో ఉండి వచ్చాడు వాడు. సౌదీ వెళ్లినవాళ్లు టేపురికార్డరు, సెంటు సీసాలు, పూలపూల దుప్పట్లు తెస్తారు. నాగూర్ వలి అవన్నీ తెచ్చి, వాటితోపాటు ఒక వంట కూడా తెచ్చాడు. అక్కడ వాడు పనిచేసింది రోడ్లు వేసే ఒక కొరియా కంపెనీ క్యాంపులో. ఆ క్యాంపు వంటశాలలో పెద్ద వంటవాడని గుల్జార్ వీధంతా చెప్పింది. గిన్నెలు కడిగేవాడని ఆమె మొగుడు సర్దార్ వీధంతా చెప్పాడు. నిజం ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది, గిన్నెల వైపుకి కాస్త దగ్గరగా.

సర్దార్‌కి బరంపేటలో మోటారు వైండింగు షాపు. నూజెండ్ల నుంచి శావల్యాపురం దాకా ఏ రైతు బావిమీద మోటారు కాలినా బండికేసుకుని అతని దగ్గరికే తెచ్చేవాళ్లు. పనిమంతుడే. వచ్చిన చిక్కల్లా నోటితోనే. దేవుడు అందరికీ నాలుకని రుచి చూడటానికి ఇస్తే, అతనికి వంక పెట్టడానికి ఇచ్చాడు. పెళ్లిలో బిర్యానీ మూడుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుంటూ "మసాలా ఏడ్చింది" అనేవాడు. చావింట్లో నలభయ్యో రోజు భోజనానికి వెళ్లినా, పోయినాయన గురించి ఒక మంచిమాటా, మాంసం గురించి రెండు చెడ్డమాటలూ చెప్పి వచ్చేవాడు. ఇంట్లో అయితే ముద్ద నోట్లో పెట్టుకోకముందే "ఉప్పు డబ్బా ఇటియ్యి" అనేవాడు. పందొమ్మిదేళ్ల కాపురంలో అతని నోట "బాగుంది" అన్న మాట గుల్జార్ ఒక్కసారే విన్నది. అదీ రేడియోలో వాన కబురు చెబుతుంటే అన్నాడు.

అట్లాంటి బావగారున్న ఊళ్లో, పల్నాడు రోడ్డు మీద, కామేశం కిరాణాకొట్టు ఎదురుగా ఒక రేకుల షెడ్డు బాడుగకి తీసుకుని నాగూర్ వలి హోటలు పెట్టాడు. పైన బోర్డు కట్టించాడు: "సియోల్ హోటల్. కొరియా కోడి వేపుడు. ఫ్యామిలీ రూము కలదు."

పేట జనం ఆ బోర్డు చదివి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకున్నారు. కొర్రలు మేపిన కోడి అని కొందరు. కొరివికారం పట్టించిన కోడి అని కొందరు. ఇంట్లో టీవీ ఉన్నవాళ్లు మాత్రం "కాదబ్బా, ఆ పరుగుపందేలు జరుగుతున్నయ్యే, ఆ దేశం కోడి" అని తెలివిడి చేసి, కోడి కూడా పందెంలో పరిగెత్తి వచ్చిందన్నంత గౌరవంగా తలాడించారు.

మొదటి వారం జనం బాగానే వచ్చారు. కూచున్నారు. కోడి వచ్చింది. అన్నం కోసం చూశారు. అన్నం రాలేదు. "ఇందులోకి అన్నం తినరండీ, వట్టి కోడే తింటారు" అని నాగూర్ వలి చెప్పాడు. పీటల మీద పెళ్లికూతురు లేదని తెలిసిన పెళ్లివారిలాగా జనం మొహమొహాలు చూసుకుని లేచిపోయారు. రెండో వారానికి ఈగలు కూడా పక్క మిఠాయికొట్టుకే మొగ్గాయి.

కామేశం ముక్క ముట్టని మనిషి. కాని ఆ హోటలు కోడి సంగతులు ఊళ్లో అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఉల్లిపాయలకని వెళ్లిన గుల్జార్‌తో తక్కెడ పట్టుకుని మెల్లగా అన్నాడు: "ఏమ్మా గుల్జారూ, మీ తమ్ముడు కోడిలోకి పంచదార కొంటున్నాడు. మొన్న వెనిగర్ కావాలన్నాడు. నిన్న గంజిపొడి అడిగాడు. నాకెందుకు గాని, పిల్లాడికి ఒంట్లో బానే ఉందా?"

ఈ మాట సర్దార్ చెవిన పడేసరికి ఆ ఇంట్లో పండగైంది.

"కోడికి గంజి పెడతన్నాడంట మీవాడు! మరి ఇస్త్రీ ఎవరు చేస్తారు, నువ్వా?" అన్నాడు భోజనం ముందు కూచుని. "కోడిపందెం మీద రాజ్యాలు పోగొట్టుకున్న పల్నాడే ఇది. ఇక్కడికొచ్చి కోడిని పాకం పడతాడా? ఏం, అరిసెలనుకున్నాడా? ఉప్పు డబ్బా ఇటియ్యి."

గుల్జార్ డబ్బా ఇచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆమె హోటలు ముందునుంచి వచ్చింది. లోపల నరమానవుడు లేడు. నాగూర్ వలి గల్లా దగ్గర కూచుని, భుజం మీది తువ్వాలు మడతపెడుతూ విప్పుతూ, రోడ్డున పోయే ప్రతివాడికీ నవ్వుమొహం చూపిస్తున్నాడు. అక్కని చూడగానే గబుక్కున లేచి, లోపలికి తిరిగి "రెండు ప్లేట్లు తొందరగా!" అని కేకేశాడు. లోపల వంటవాడు లేడు. వంటవాడూ వాడే.

ఆ కేక గుల్జార్ గుండెలో దిగబడిపోయింది. ఇంటికి నడుస్తూనే ఉపాయం ఆలోచించింది. పేటలో ఎవరు ఏది మెచ్చుకున్నా జనం నమ్మరు. సర్దార్ మెచ్చుకుంటే నమ్ముతారు. పుట్టి బుద్ధెరిగి దేన్నీ మెచ్చుకోనివాడి మాటకున్న విలువ, అన్నిటినీ మెచ్చుకునేవాడి మాటకి ఎక్కడుంటుంది?

"రేపు సాయంత్రం అందరం నాగూరు హోటలుకి పోతన్నాం," అంది, సర్దార్ చెయ్యి కడుక్కుని వచ్చాక.

"ఆడోళ్లు హోటల్లో కూచుని తింటారా?"

"ఫ్యామిలీ రూమంట గదరా, కర్టెనుంటదంట," అంది మంచం మీంచి అత్తగారు మస్తాన్‌బీ. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు. తిండి మాటలు వినపడతాయి. వెంటనే మర్యాదకోసం, "నాకెందుకులే ఆ హోటలు కూడు. ఊరకే చూసొస్తా," అని కలిపింది.

"కర్టెను ఎనక కాదత్తా. రోడ్డుకి కనపడే బల్ల దగ్గర కూచుంటాం. ఊరంతా చూడాల." గుల్జార్ మొగుడివైపు తిరిగింది. "నువ్వు తిని, బాగుందనాల. కామేశం కొట్టుదాకా వినపడాల."

"అనకపోతే?"

"ఎల్లుండి నుంచి పొయ్యి నీది. ఉప్పు నీ ఇష్టమొచ్చినంత ఏసుకో."

సర్దార్ పది హెచ్‌పీ మోటారు విప్పి కళ్లు మూసుకుని బిగించగలడు. కిరసనాయిలు స్టవ్వు వెలిగించలేడు. స్టవ్వుకేసి చూసి, సరేనన్నాడు.

"ఏదీ, అను."

"ఇప్పుడా? తిన్నాక అంటాగా."

"అలవాటు లేని నోరు. అప్పటికప్పుడు రమ్మంటే రాదు. అను."

సర్దార్ గొంతు సవరించుకున్నాడు. "బా... బానే ఉంది."

"బానే ఉంది కాదు. బాగుంది."

"బాగుందిలే."

"లే తీసెయ్యి."

టెన్త్ చదివే కూతురు జమీలా పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. సర్దార్ దానికేసి ఉరిమిచూసి, పళ్లు పీకించుకునేవాడిలా నోరు తెరిచి, "బాగుంది," అన్నాడు.

"నవ్వుమొహం పెట్టి."

"అది ఒప్పందంలో లేదు," అన్నాడు సర్దార్.

శుక్రవారం దీపాలు పెట్టే వేళకి నలుగురూ బయల్దేరారు. ఊరకే చూడటానికొచ్చే మస్తాన్‌బీ అందరికంటే ముందు తయారై, మధ్యాహ్నం అన్నం కూడా మానేసి, దారిలో అందరికంటే ముందు నడిచింది. ఆడవాళ్లు రోడ్డుమీదికి మొహం పెట్టి హోటల్లో కూచోవడం చూసి కిళ్లీకొట్టు దగ్గరున్నవాళ్లు సోడాలు తాగడం ఆపారు. కామేశం తూకం ఆపాడు. నాగూర్ వలి మాత్రం శుభ్రంగా ఉన్న బల్లని తువ్వాలుతో తుడుస్తూనే ఉన్నాడు.

ముందు గిన్నెలో తెల్లటి ముక్కలు వచ్చాయి.

"ఏందిరా ఇది?" అంది మస్తాన్‌బీ.

"ముల్లంగత్తా. పులుపులో ఊరబెట్టింది. కోడితో నంజుకుంటారు."

"అన్నం లేదు, పచ్చి ముల్లంగా? ఆ దేశమోళ్లకి చానా కష్టాలున్నట్టున్నయ్యిరా పాపం."

తర్వాత కోడి వచ్చింది. ఎర్రగా, నిగనిగలాడుతూ, పైన నువ్వులు చల్లుకుని. సర్దార్ చూపు ఆ నువ్వుల మీద పడింది. అరిసెల మాట మళ్లీ నాలుక చివరిదాకా వచ్చిందని గుల్జార్‌కి అర్థమై బల్ల కింద అతని కాలు తొక్కింది. అతను మాట మింగి, ముక్క తీసుకుని కొరికాడు.

కరకరమన్న చప్పుడు రోడ్డు అవతలికి వినపడింది.

అలవాటుగా అతని ఎడమచెయ్యి ఉప్పుకోసం బల్లమీద తడుముతూ సగందాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. నమిలాడు. మింగాడు. రోడ్డువైపు మొహం తిప్పి, పరీక్షలో పద్యం అప్పగించే పిల్లాడిలా, "బాగుంది!" అని అరిచాడు.

కిళ్లీకొట్టు దగ్గర ఎవరి చేతిలోనో గోలీసోడా జారింది. గుల్జార్‌కి ప్రాణం లేచొచ్చింది. పని అయిపోయింది. ఇక తిని ఇంటికి పోవడమే.

సర్దార్ రెండో ముక్క తీసుకున్నాడు. కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. అప్పుడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు, తనలో తను, "బాగుంది," అన్నాడు.

మొదటిది ఊరికోసం. అది గుల్జార్ నేర్పిన మాట. ఈ రెండోది ఎవరూ నేర్పలేదు. పందొమ్మిదేళ్లు ఎసరు దగ్గర నిలబడి ఏ మాటకోసం ఎదురుచూసిందో ఆ మాట, ఆమె ఎదుటే, ఆమె చేతివంట కానిదానికి, ఉత్తపుణ్యానికి రాలిపడింది.

పైగా మస్తాన్‌బీ. ఉన్న నాలుగు పళ్లతో కొరకలేక, పైనున్న పాకమంతా చప్పరించి, ముక్క పిల్లదాని ప్లేటులోకి తోసి, ఇంకోటి అందుకుంటోంది. "ఒరేయ్ నాగూరూ, ఇంత పని తెలిసినోడివి, మీ అక్కకి కాస్త నేర్పకూడదంట్రా? ఇన్నేళ్లూ మేం ఏం తిన్నట్టు?"

జమీలా ఏమీ అనలేదు. దాని నోట్లో ఖాళీ లేదు.

గుల్జార్ కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుంది, లోపం పట్టుకుందామని. ముందు తియ్యగా తగిలింది. ఇదేం కోడి అని కోపం తెచ్చుకునేలోపే వెల్లుల్లి, వెనకాలే పులుపు, ఆ వెనకాల మన పేట మిరపకాయ మంట వరసగా వచ్చాయి. పైన పెంకులా విరిగి, లోపల వెన్నలా ఉంది. లోపం దొరకలేదు. అదే అన్నిటికంటే పెద్ద అవమానంగా తోచి, లేచి వంటింట్లోకి వెళ్లింది.

నాగూర్ వలి రెండో వాయి నూనెలోంచి తీస్తున్నాడు. వాడి మొహం మతాబులా వెలుగుతోంది. "అక్కా, బావ బాగుందన్నాడు! మొదటిది నువ్వు అనిపించావని తెలుసులే. రెండోది మాత్రం నిజంగా అన్నాడక్కా. నాకు తెలిసిపోయింది."

పుండు మీద కారం చల్లడం అంటే ఏంటో గుల్జార్‌కి అప్పుడు బాగా తెలిసింది.

బయట ఎవరో పిలిస్తే వాడు పరిగెత్తాడు. పొయ్యి మీద బాణలిలో ఎర్రటి పాకం ఉడుకుతోంది. పక్కనే ఉప్పు డబ్బా. ఈ వాయి ఎటూ తమ బల్లకే వస్తుంది. ఒక్క ముక్క తిని సర్దార్ మొహం చిట్లిస్తే చాలు, ఎప్పటి సర్దార్ అయిపోతాడు, ఆమె ఎప్పటి గుల్జార్ అయిపోతుంది. అంతకు మించి ఆలోచించలేదు. గుప్పెడు ఉప్పు తీసి బాణలిలో వేసి కలిపింది. చాలదనిపించి ఇంకో గుప్పెడు వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి తన కుర్చీలో కూచుంది.

వచ్చి చూస్తే పక్క బల్ల దగ్గర ధనుంజయరావు ఉన్నాడు. మిర్చి కమీషను వ్యాపారి. ఆయన ఒక కాయ తుంచి వాసన చూసి పెదవి విరిస్తే, ఆ రైతు బస్తాలు బండికెత్తుకుని ఇంటికి పోవలసిందే. ఆయన ఒక హోటల్లో తిని బాగాలేదంటే ఆ హోటలు గతీ అంతే. వెంట ఇద్దరు స్నేహితులు.

"సర్దారు బాగుందన్నాడని కిళ్లీకొట్టు దగ్గర చెప్పుకుంటుంటే నమ్మలేదయ్యా," అంటున్నాడు. "మా పెద్దాడి పెళ్లిలో తిని తిట్టిపోసినోడివి. నీకే నచ్చిందంటే, ఇదేందో చూడాల్సిందే."

నాగూర్ వలి లోపల్నుంచి పొగలుకక్కే ప్లేటు తెచ్చాడు. తమ బల్ల దగ్గరికి వస్తున్నాడనుకుంది గుల్జార్. వాడు తమ బల్ల దాటాడు. పెద్దమనిషికి ముందు పెట్టాలి గదా. ప్లేటు ధనుంజయరావు ముందు దిగింది.

గుల్జార్ ఉప్పు కుమ్మరించింది ఆ వాయిలోనే. తమ్ముణ్ణి నిలబెట్టడానికి ఊరంతటినీ లాక్కొచ్చి, తన చేత్తోనే వాడి నోట్లో మట్టి కొడుతోంది. ధనుంజయరావు చొక్కా చేతులు మడిచాడు. ముక్క మీదికి చెయ్యి చాచాడు.

ఆ చేతికీ ప్లేటుకీ మధ్య గుల్జార్ చెయ్యి దూరింది.

"ఏమనుకోబాకండన్నయ్యా," అంది ప్లేటు రెండు చేతులా ఎత్తుకుని. "మా ఆయనకి ఆగట్లేదు. ఈ వాయి ఆయనకి పడెయ్యకపోతే ఇంటికి పోయాక మమ్మల్ని ఉండనియ్యడు. మీకు ఇంకో వాయి, దీనికంటే మంచిది, ఇప్పుడే వస్తది. ఒరేయ్ నాగూరూ, బాణలి అడుగంటింది, శుభ్రంగా కడిగి పాకం మళ్లీ పట్టు. పో!"

ధనుంజయరావు నోరు తెరిచాడు. "సర్దారుకి... ఆగట్లేదా!"

ప్లేటు సర్దార్ ముందు పడింది. తనకి ఎప్పుడు ఆగకుండా పోయిందో తెలియక సర్దార్ పెళ్లాంకేసి చూశాడు. గుల్జార్ రోడ్డుకేసి చూస్తోంది. హోటలంతా, కిళ్లీకొట్టంతా, కామేశమూ అతనికేసే చూస్తున్నారు. ముక్క తీసి కొరికాడు.

సూర్యలంక సముద్రంలో అల వచ్చి తలకిందులుగా ముంచేసినప్పుడు కూడా అంత ఉప్పు అతని నోట్లోకి పోలేదు. దవడ ఆగిపోయింది. మళ్లీ పెళ్లాంకేసి చూశాడు. ఈసారి ఆమె కూడా చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు. పొయ్యి మాటా లేదు. బతిమాలుతోంది. గుల్జార్ బతిమాలడం కూడా అతను పందొమ్మిదేళ్లలో చూడలేదు.

సర్దార్ నమిలాడు. మింగాడు.

"ఎట్టా ఉంది?" అన్నాడు ధనుంజయరావు.

"బాగుంది."

"కళ్లల్లో నీళ్లేంది మరి?"

"కారం. సరిగ్గా కుదిరింది."

అని ఇంకో ముక్క తీసుకున్నాడు. మస్తాన్‌బీ చెయ్యి చాచబోతే ప్లేటు తనవైపు లాక్కున్నాడు. "నీకు పళ్లు లేవు గదమ్మా!" జమీలా అడగబోతే దాని వీపున ఒకటి చరిచాడు. కన్నతల్లికీ కన్నకూతురికీ ముక్క పెట్టకుండా, ఏడుస్తూ, చెమటలు కక్కుతూ, ఒక్కడే ప్లేటు ఖాళీ చేస్తున్న సర్దార్‌ని చూసి పేట జనం నిశ్చేష్టులైపోయారు. ఇలాంటి మనిషినే ఇలా చేసిన కోడి ఎలాంటి కోడి అయ్యుండాలి! కిళ్లీకొట్టు దగ్గర్నుంచి ముగ్గురు లేచొచ్చారు. వాళ్ల వెనక ఇంకో నలుగురు. అన్నం ఏదని ఒక్కడూ అడగలేదు. కర్టెను వెనక కూడా మగవాళ్లే కూచున్నారు.

ధనుంజయరావుకి కొత్త వాయి వచ్చింది. తిన్నాడు. తల ఊపాడు. ఆ ఊపు చాలు. ఆ తర్వాత సియోల్ హోటల్ నాలుగేళ్లు నడిచింది. జనం దాన్ని చివరిదాకా కొరివికోడి హోటలనే పిలిచారు. ఎదుటి సందులో ఎవరో జపాన్ కోడి కూడా పెట్టారు. అది నెలకే మూతపడింది, దాన్ని మెచ్చుకోవడానికి వాళ్లింట్లో సర్దార్ లాంటివాడు లేక. అదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం మాత్రం, కాయితం పొట్లం ఒకటి కొంగు కింద దాచుకుని మస్తాన్‌బీ ముందు నడుస్తోంది, జమీలా పక్కన. వెనక గుల్జార్‌తో సర్దార్ వస్తున్నాడు. వీధి మలుపులో బోరింగు కనపడగానే పరుగులాంటి నడకతో వెళ్లి, వంగి, దోసిలి పట్టాడు.

"కొట్టు," అన్నాడు.

గుల్జార్ కొట్టింది. అతను తాగాడు. ఊపిరి తీసుకుని మళ్లీ తాగాడు. ఎండాకాలం ఎద్దు కూడా అలా తాగదు.

"ఎందుకేశావే?" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆమె రెండుసార్లు కొట్టి అప్పుడు చెప్పింది. "రెండోసారి నిజంగానే అన్నావు గదా."

"అన్నా."

"నా కూరకి ఎప్పుడన్నా అన్నావా?"

సర్దార్ దోసిలి అలాగే పట్టుకుని ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి ఆ పూటే అలవాటైంది గాని, ఇంకా చేయి తిరగలేదు. "రోజూ తినేదే గదే. ఇంటి గోడ బాగుందని రోజూ ఎవడన్నా అంటాడా? పడిపోతేనే గదా అరుస్తాం."

గుల్జార్ బోరింగు రాడ్డుని రెండు చేతులా పట్టుకుంది. పైట నడుముకి బిగించి, ఒంట్లో బలమంతా పెట్టి కొట్టింది. నీళ్లు దోసిలి దాటి, చొక్కా దాటి, అతని కాళ్లదాకా తడిపేశాయి.

"ఏందే ఇది, ఆపు!"

ఆమె ఆపలేదు. దాహం తీరని సర్దార్ కూడా పక్కకి జరగలేదు. తడుస్తూనే తాగాడు.